ప్యానెల్ మీది పసుపు దీపం: బాచుపల్లి అపార్ట్‌మెంట్ సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్, మల్లంపేట ప్రాంతాల్లోని బహుళ అంతస్తుల నివాస సముదాయాల అధ్యక్ష కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు,

ఫైర్ అలారం ప్యానెల్ మీద మూడు రంగుల దీపాలు ముఖ్యమైనవి. ఆకుపచ్చ వెలిగితే కరెంటు సరఫరా ఉన్నట్టు. ఎరుపు వెలిగితే ఎక్కడో డిటెక్టర్‌కు పొగో వేడో తగిలినట్టు, లేదా ఎవరో గోడ మీది ఎంసీపీని (మాన్యువల్ కాల్ పాయింట్‌ను) నొక్కినట్టు. పసుపు వెలిగితే వ్యవస్థలోనే ఏదో లోపం ఉన్నట్టు. ఎరుపు దీపం చూసి అందరూ పరుగెత్తుతారు. పసుపు దీపం మాత్రం నెలల తరబడి వెలుగుతూనే ఉంటుంది. దాంతోపాటు మోగే బజర్‌ను ఆపడానికి ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే సెక్యూరిటీ గది ప్రశాంతంగా ఉంటుంది, లోపం ఉన్నచోటే ఉంటుంది. ఆ లోపాన్ని ఎలా వెతకాలి, ఏ వరుసలో వెతకాలి, బాగుచేశారని ఎప్పుడు నమ్మాలి అన్నదే ఈ లేఖలోని విషయం.

విషయం చిన్నది కాదు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో 8 మంది, 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 6 మంది, అదే ఏడాది నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో 9 మంది, 2025 మే 18న గుల్జార్ హౌజ్‌లో 17 మంది అగ్నిప్రమాదాల్లో చనిపోయారు. ఈ ప్రమాదాల్లో మంట కంటే పొగే ఎక్కువ మందిని బలి తీసుకుంది. పొగ మెట్ల దారిలోకి చేరకముందే మనుషులకు కబురు అందాలి. ఆ కబురు మోసే పని ప్యానెల్‌ది.

ఒకప్పుడు పొలాలు ఉండి, ఆ తర్వాత ఔషధ కర్మాగారాలు, ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చిన బాచుపల్లిలో ఇప్పుడు టవర్ల మీద టవర్లు లేస్తున్నాయి. సాయంత్రం వేళ మియాపూర్–బాచుపల్లి రోడ్డు మీద వాహనాల వరుస ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కూకట్‌పల్లి నుంచో జీడిమెట్ల నుంచో బయలుదేరిన ఫైరింజన్ ఆ రద్దీని దాటి రావాలి. అంతవరకు భవనం తన వ్యవస్థల మీదే ఆధారపడాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి, అంటే ఎన్‌బీసీ 2016, 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న భవనాన్ని బహుళ అంతస్తుల భవనంగా లెక్కిస్తుంది. అలారం వ్యవస్థను ఎంచుకోవడానికి, అమర్చడానికి, నిర్వహించడానికి ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం ఉంది. అమర్చేటప్పుడు ఈ రెండింటినీ అందరూ తిరగేస్తారు. నిర్వహణ దగ్గరికొచ్చేసరికి వాటిని తెరిచి చూసేవారు తక్కువ.

ఐదు టవర్ల సముదాయాన్ని ఉదాహరణగా తీసుకుంటే వ్యవస్థ ఇలా ఉంటుంది. ప్రతి టవర్‌లో ఒక ప్యానెల్ ఉంటుంది. ఆ ప్యానెల్ నుంచి బయలుదేరిన రెండు తీగల లూప్ అంతస్తులన్నీ తిరిగి మళ్లీ ప్యానెల్‌కే చేరుతుంది. దారిలో స్మోక్ డిటెక్టర్లు, హీట్ డిటెక్టర్లు, ఎంసీపీలు, స్ప్రింక్లర్ పైపుల మీది ఫ్లో స్విచ్‌లను గమనించే మానిటర్ మాడ్యూళ్లు, హూటర్లనూ ఫ్యాన్లనూ లిఫ్టులనూ కదిలించే కంట్రోల్ మాడ్యూళ్లు వేలాడుతుంటాయి. ప్రతి పరికరానికీ ఒక నంబరు ఉంటుంది. ప్యానెల్ ఆ నంబర్లను ఒక్కొక్కటిగా పిలుస్తూ జవాబు వింటూ ఉంటుంది. ఐదు ప్యానెళ్లనూ మరో కేబులు కలుపుతుంది, అది రాగి జంట తీగ కావచ్చు, ఆప్టికల్ ఫైబర్ కావచ్చు. దీనివల్ల మూడో టవర్ పద్నాలుగో అంతస్తులో పొగ వస్తే మెయిన్ గేటు దగ్గరి సెక్యూరిటీ గదిలోనూ కనిపిస్తుంది. లోపం పరికరంలో ఉందా, లూప్‌లో ఉందా, ప్యానెల్‌లో ఉందా, ప్యానెళ్ల మధ్య నెట్‌వర్క్‌లో ఉందా అన్నది తేలితే సగం పని అయినట్టే.

లోపం కనిపించగానే రీసెట్ నొక్కడం చాలాచోట్ల అలవాటు. అది మానాలి. రీసెట్ చేశాక తెర మీది ఆధారం పోతుంది. కొన్ని లోపాలు మళ్లీ బయటపడటానికి గంటలు, రోజులు పడతాయి. ముందుగా తెర మీదున్నది ఉన్నట్టుగా ఫొటో తీయాలి. తర్వాత ఈవెంట్ లాగ్ తెరిచి, మొదటి లోపం ఏ నిమిషంలో ఏ నంబరు దగ్గర పుట్టిందో చూడాలి. ఒక మూలకారణం వెనకే యాభై లోపాలు వరుసగా నమోదవుతాయి. తెర మీద పైన కనిపించేది సాధారణంగా చివరిది, కావలసింది మొదటిది. నెట్‌వర్క్‌లో ఉన్న ప్యానెళ్ల గడియారాలన్నీ ఒకే సమయం చూపిస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. ఒక ప్యానెల్ పది నిమిషాలు వెనకబడి ఉంటే ఏది ముందు, ఏది తర్వాత అన్న విచారణే తలకిందులవుతుంది.

ఆ తర్వాత కరెంటు. ప్యానెల్‌లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు ఇస్తాయి. ఛార్జర్ ఆన్‌లో ఉండగా మీటర్ పెడితే 27 వోల్టులకు కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. అది చూసి బ్యాటరీ బాగుందని రాసేస్తారు. నిజానికి ఆ అంకె ఛార్జర్‌ది. మెయిన్ సరఫరా ఆపి, ప్యానెల్‌ను బ్యాటరీ మీద నడిపి, హూటర్లు మోగించి, ఆ భారం కింద వోల్టేజి ఎంతకు పడిపోతుందో చూస్తేనే సంగతి తెలుస్తుంది. ఈ బ్యాటరీల ఆయుష్షు సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు. వేడి పెరిగే కొద్దీ అది తరుగుతుంది. ఉష్ణోగ్రత దాదాపు 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది బ్యాటరీ తయారీదారులు పాటించే లెక్క. మే నెలలో గాలి ఆడని రేకుల సెక్యూరిటీ గదిలో ఉన్న బ్యాటరీ రెండేళ్లకే చేతులెత్తేస్తే ఆశ్చర్యం లేదు. మార్చినప్పుడు రెండింటినీ కలిపి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే పాతది కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది.

బ్యాటరీ సామర్థ్యం కూడా ఊహించి పెట్టేది కాదు. మామూలు వేళ ప్యానెల్, దాని లూప్‌లు కలిపి 0.6 ఆంపియర్లు తీసుకుంటాయనుకుంటే కరెంటు లేని 24 గంటలకు 14.4 ఆంపియర్ గంటలు కావాలి. అలారం వేళ 3 ఆంపియర్ల చొప్పున అరగంటకు మరో 1.5. మొత్తం 15.9. బ్యాటరీ పాతబడే కొద్దీ తగ్గే శక్తిని దృష్టిలో పెట్టుకుని పావు వంతు కలిపితే దాదాపు 20. ఆ చోట 7 ఆంపియర్ గంటల బ్యాటరీ కనిపిస్తే ప్యానెల్ ఆకుపచ్చగా వెలుగుతున్నా ఆ వ్యవస్థ సిద్ధంగా లేనట్టే. డీజీ (డీజిల్ జనరేటర్) ఉంది కదా అన్న వాదన ఇక్కడ చెల్లదు. మంట ఎలక్ట్రికల్ గదిలోనే పుట్టవచ్చు.

ఇక ఎర్త్ ఫాల్ట్. ఈ ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా వేధించేదీ, అన్నిటికంటే తేలిగ్గా వదిలేసేదీ ఇదే కనుక దీని గురించి కాస్త విడమరిచి చెప్పాలి. ప్యానెల్‌లోని 24 వోల్టుల సర్క్యూట్ ప్లస్ వైపు గానీ మైనస్ వైపు గానీ భూమికి అంటకుండా ఉంటుంది. ఎక్కడో ఒక తీగ తొడుగు చితికి ఇనుప కండ్యూట్‌ను తాకితే ప్యానెల్ పసిగట్టి పసుపు దీపం వెలిగిస్తుంది. ఆ క్షణానికి ఏదీ ఆగదు. డిటెక్టర్లు పనిచేస్తాయి, హూటర్లు మోగుతాయి. అందుకే ‘అది ఎప్పుడూ ఉండేదేనండీ’ అన్న జవాబు వస్తుంది. అయితే రెండో తీగ మరోచోట భూమిని తాకిన రోజున ఆ రెండు చోట్లూ కలిసి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మొదటి ఎర్త్ ఫాల్ట్ ఆ రోజు రాకముందే అందే హెచ్చరిక.

వెతకడం ఇలా. మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి ప్లస్‌కూ ఎర్త్‌కూ మధ్య, మైనస్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలవాలి. ఏ వైపు అంకె సున్నాకు దగ్గరగా వస్తే ఆ వైపు తీగ భూమిని తాకుతోంది. తర్వాత ప్యానెల్ దగ్గర లూప్‌లను, హూటర్ సర్క్యూట్లను ఒక్కొక్కటిగా విప్పాలి. ఒకటి విప్పిన వెంటనే లోపం పోలేదని కంగారుపడి రెండోది విప్పకూడదు. చాలా ప్యానెళ్లు ఎర్త్ ఫాల్ట్‌ను తొలగించి చూపడానికి కొంత సమయం తీసుకుంటాయి. ఏ లూప్ విప్పితే లోపం పోయిందో తేలాక ఆ లూప్‌ను సగం దగ్గర విడదీసి ఏ సగంలో ఉందో చూడాలి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. 120 పరికరాలున్న లూప్‌లో కూడా ఏడుసార్లు ఇలా సగం చేస్తే లోపమున్న చోటికి చేరుకోవచ్చు. ఒకటో అంతస్తు నుంచి వరుసగా ప్రతి డిటెక్టరూ విప్పుకుంటూ పోయే పద్ధతిలో రెండు రోజులు పోతాయి, విప్పి బిగించడంలో కొత్త లోపాలు పుడతాయి.

వాన పడినప్పుడే వచ్చి ఎండ కాయగానే పోయే ఎర్త్ ఫాల్ట్ మరో రకం. టెక్నీషియన్ వచ్చేసరికి ప్యానెల్ మామూలుగా ఉంటుంది. అలాంటప్పుడు లాగ్‌లోని సమయాలను వాన పడిన రోజులతో పోల్చాలి. 2020 అక్టోబరు వానలకు నిజాంపేట భండారి లేఅవుట్‌లో ఇళ్లూ సెల్లార్లూ నీట మునిగిన సంగతి ఈ ప్రాంతానికి గుర్తుంది. సెల్లార్ మునగనక్కరలేదు, చెమ్మ చాలు. సెల్లార్ సీలింగ్‌లో మూతలేని జంక్షన్ బాక్సులు, ర్యాంపు పక్కన వాన జల్లు తగిలే ఎంసీపీలు, పోడియం మీది తోట కింద నుంచి వెళ్లే కండ్యూట్లు, నీళ్ల పైపుల షాఫ్ట్‌లో కారే చోట ఉన్న ఫ్లో స్విచ్‌లు ముందుగా చూడవలసినవి. వానతో సంబంధం లేకుండా హఠాత్తుగా వచ్చిన ఎర్త్ ఫాల్ట్ అయితే, ఆ వారం ఏ ఫ్లాట్‌లో ఇంటీరియర్ పని జరుగుతోందో సెక్యూరిటీ రిజిస్టర్‌లో చూడాలి. ఫాల్స్ సీలింగ్‌కు కొట్టిన స్క్రూ కండ్యూట్‌లోకి దిగి ఉండవచ్చు.

ఇక్కడే ఒక హెచ్చరిక. తీగల ఇన్సులేషన్ పరీక్షకు ఎలక్ట్రీషియన్లు మెగ్గర్ వాడతారు. దానినుంచి సాధారణంగా 500 వోల్టులు వెళ్తాయి. డిటెక్టర్లు, ప్యానెల్ తగిలించి ఉండగా మెగ్గర్ పెడితే లూప్ మొత్తం ఎలక్ట్రానిక్స్ పాడైపోవచ్చు. రెండు చివర్లూ, మధ్యలోని పరికరాలన్నీ విప్పాకే మెగ్గర్ ముట్టుకోవాలి.

లూప్ తెగితే ప్యానెల్ ‘ఓపెన్’ అని చూపిస్తుంది. రెండు వైపుల నుంచీ మాట్లాడగల లూప్ కనుక ఒకచోట తెగినా పరికరాలన్నీ పలుకుతాయి. ఏ నంబరు వరకు ఈ వైపు నుంచి, ఏ నంబరు నుంచి ఆ వైపు నుంచి జవాబు వస్తోందో చూస్తే తెగింది ఆ రెండింటి మధ్యే. షార్ట్ అయితే ఐసొలేటర్ల పని బయటపడుతుంది. లూప్‌లో అక్కడక్కడా ఉండే ఈ చిన్న పరికరాలు షార్ట్ ఉన్న ముక్కను వేరుచేసి మిగతా లూప్‌ను కాపాడతాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 54 ప్రకారం ఒక్క లోపం వల్ల 32కు మించి పరికరాలు పనిచేయకుండా పోకూడదు. ఖర్చు తగ్గించడానికి ఐసొలేటర్లు లేకుండా లూప్ వేసినచోట ఒక్క షార్ట్‌తో టవర్ అంతా మూగబోతుంది. కార్యవర్గం తమ లూప్ డ్రాయింగ్‌లో ఐసొలేటర్లు ఎన్ని, ఎక్కడ ఉన్నాయో అడగడం న్యాయమే.

ఒకే నంబరు రెండు పరికరాలకు పెడితే ప్యానెల్‌కు ఒకే పిలుపుకు రెండు జవాబులు వస్తాయి, లేదా కలగాపులగమైన జవాబు వస్తుంది. పాత డిటెక్టర్ తీసి కొత్తది పెట్టిన మర్నాడు మొదలైన లోపమైతే ముందుగా అనుమానించవలసింది దీన్నే. రెండింటిలో ఒకటి విప్పితే రెండోది చక్కగా పలుకుతుంది.

డిటెక్టర్లకు పట్టే దుమ్ము వేరే కథ. ఆప్టికల్ స్మోక్ డిటెక్టర్ లోపల ఒక చీకటి గది, అందులో ఒక కాంతి మూలం, ఆ కాంతి నేరుగా పడని చోట ఒక సెన్సర్ ఉంటాయి. పొగ రేణువులు దూరినప్పుడు కాంతి చెదిరి సెన్సర్ మీద పడుతుంది. సిమెంటు దుమ్ము, ప్లైవుడ్ పొడి, చిన్న పురుగులు దూరినా అదే జరుగుతుంది. చుట్టూ ఇంకా నిర్మాణం సాగుతున్న బాచుపల్లిలో, పక్క టవర్‌లో టైల్స్ కోస్తున్న రోజుల్లో తప్పుడు అలారాలు రావడం సహజం. మంచి ప్యానెల్ ప్రతి డిటెక్టర్‌కూ ఎంత మురికి పట్టిందో అంకెల్లో చూపిస్తుంది. మూడు నెలలకోసారి ఆ నివేదిక ముద్రించి, పై వరుసలో ఉన్నవాటిని శుభ్రం చేస్తే తప్పుడు అలారాలు చాలావరకు తగ్గుతాయి. కొత్త టవర్‌లో దుమ్ము పడకుండా తొడిగిన ప్లాస్టిక్ మూతలు గృహప్రవేశాలయ్యాక కూడా అలాగే ఉండిపోవడం మరీ ప్రమాదకరం. లూప్ దృష్టిలో ఆ డిటెక్టర్ బాగానే ఉంటుంది. దానికి పొగ మాత్రం అందదు.

తిరగమోత పొగకూ సాంబ్రాణి పొగకూ అలారం మోగితే ఆ డిటెక్టర్‌ను డిజేబుల్ చేయడం పరిష్కారం కాదు. వంటింట్లో స్మోక్ డిటెక్టర్ ఉంటే దాని బదులు హీట్ డిటెక్టర్ పెట్టాలి. పూజ గదికీ ఏసీ గాలికీ ఎదురుగా ఉన్నదాన్ని జరపాలి. ఒకసారి పొగ తగలగానే మరోసారి సరిచూసుకునే ఏర్పాటు ప్యానెల్‌లో ఉంటే దాన్ని వాడుకోవాలి. తప్పుడు అలారాలు ఎక్కువైన భవనంలో జనం హూటర్‌ను పట్టించుకోవడం మానేస్తారు. ఆ అలవాటును సరిచేయడం ఏ టెక్నీషియన్ చేతిలోనూ లేదు కనుక, తప్పుడు అలారాన్ని కూడా పసుపు దీపమంత గట్టిగా పట్టించుకోవాలి.

హూటర్ల విషయంలో లోపం ప్యానెల్‌కు కనిపించకపోవచ్చు. తీగ చివర ఉన్న రెసిస్టర్‌ను చూసి ప్యానెల్ ‘తీగ బాగుంది’ అనుకుంటుంది. కానీ హూటర్‌కు చాలినంత వోల్టేజి చేరుతోందా అన్నది వేరే లెక్క. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 12.1 ఓంల నిరోధం. 200 మీటర్ల దూరానికి రానూ పోనూ 400 మీటర్లు, అంటే దాదాపు 4.8 ఓంలు. హూటర్లన్నీ కలిపి చివరన 1.5 ఆంపియర్లు లాగితే దారిలోనే 7 వోల్టులకు పైగా పోతాయి. బ్యాటరీ అలసి 20.4 వోల్టులకు దిగిన వేళ చివరి హూటర్‌కు చేరేది 13 వోల్టులు. చాలా హూటర్లకు కనీసం 16 వోల్టులు కావాలి. పగటిపూట కరెంటు మీద పరీక్షించినప్పుడు మోగిన పై అంతస్తు హూటర్, కరెంటు పోయిన రాత్రి మోగకపోవడానికి కారణం ఇదే. తీగ మందం పెంచాలి, లేదా పై అంతస్తులకు విడిగా బ్యాటరీ ఉన్న బూస్టర్ సరఫరా పెట్టాలి.

ఇప్పుడు నెట్‌వర్క్. ఒక టవర్ ప్యానెల్ మిగతావాటికి కనబడకపోతే మెయిన్ గేటు దగ్గరి సెక్యూరిటీ గది తెర మీద ఫలానా నోడ్, అంటే ఆ ప్యానెల్, లేదని వస్తుంది. అప్పుడు మొదట ఆ టవర్‌కు వెళ్లి ఆ ప్యానెల్ తానుగా పనిచేస్తోందో లేదో చూడాలి. సరిగా రూపొందించిన వ్యవస్థలో నెట్‌వర్క్ పోయినా ప్రతి ప్యానెల్ తన టవర్‌ను తాను చూసుకుంటుంది, తన డిటెక్టర్లను చదువుతుంది, తన హూటర్లు మోగిస్తుంది. పోయేది టవర్ల మధ్య కబురు. అంటే రెండో టవర్‌లో మంట వచ్చినా మెయిన్ గేటు దగ్గరివారికి తెలియదు, రాత్రిపూట ఆ టవర్ లాబీలో మనిషి లేకపోతే స్పందించేవారు ఉండరు. లోపం సరిచేసేదాకా ఆ టవర్ ప్యానెల్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టాలి.

రాగి తీగ మీద నడిచే నెట్‌వర్క్‌లు చాలావరకు ఆర్‌ఎస్-485 పద్ధతిని అనుసరిస్తాయి. ఆ వరుసకు రెండు చివర్లలో 120 ఓంల రెసిస్టర్లు ఉండాలి. అన్ని ప్యానెళ్ల సరఫరా ఆపి రెండు తీగల మధ్య ఓంలు కొలిస్తే దాదాపు 60 రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు, లేదా దారిలో తీగ తెగింది. 40 వస్తే ఎవరో మధ్య ప్యానెల్‌లో మూడోది పెట్టారు. కొత్త టవర్ జతచేసినప్పుడు పాత చివర మధ్యగా మారుతుంది, కానీ అక్కడి రెసిస్టర్‌ను తీయడం మర్చిపోతారు. దశలవారీగా కట్టిన సముదాయాల్లో ఇది పదేపదే కనిపించే తప్పు. నెట్‌వర్క్ పూర్తిగా ఆగదు, అప్పుడప్పుడు తడబడుతుంది. తీగ మీది షీల్డ్‌ను తయారీదారు చెప్పినచోట, సాధారణంగా ఒక్క చివరే, ఎర్త్ చేయాలి. రెండు చివర్లా చేస్తే టవర్ల ఎర్త్‌ల మధ్య ఉన్న తేడా ఆ షీల్డ్ గుండా ప్రవహించి మాటను పాడుచేస్తుంది. రెండు ప్యానెళ్లు ఒకేసారి ఎర్త్ ఫాల్ట్ చూపిస్తే వాటి మధ్య నెట్‌వర్క్ తీగ విప్పి చూడాలి. విప్పాక కూడా ఏ ప్యానెల్‌లో లోపం మిగిలిందో అసలు లోపం అక్కడిది.

టవర్ల మధ్య బయట నేలలో వేసే కేబులుకు ఫైబరే తగినది. పిడుగుల కాలంలో రాగి తీగ గుండా వచ్చే సర్జ్ ఒక టవర్‌తో ఆగదు, వరుసగా ప్యానెళ్ల నెట్‌వర్క్ కార్డులను కాలుస్తుంది. ఫైబర్‌లో ఆ బెడద లేదు. ఫైబర్‌లో వచ్చే లోపాలు మామూలువే: కనెక్టర్ కొన మీద ధూళి, ట్రేలో మరీ బిగుతుగా వంచిన ఫైబర్, పంపేదీ అందుకునేదీ తారుమారు కావడం. పవర్ మీటర్‌తో కాంతి ఎంత అందుతోందో కొలిచి, అమర్చిన రోజున రాసిన అంకెతో పోలిస్తే చాలు. ఆ అంకె ఎవరూ రాసి ఉంచకపోతే ఈ రోజైనా రాసి పెట్టాలి.

ఫైబర్ సముదాయాల్లో మరొకటి తరచుగా జరుగుతుంది. ప్యానెల్‌కు బ్యాటరీ ఉంటుంది, కానీ ఫైబర్‌ను రాగికి మార్చే మీడియా కన్వర్టర్‌ను గోడ మీది మామూలు ప్లగ్‌కు తగిలిస్తారు. కరెంటు పోయి డీజీ అందుకునే ఆ కొద్ది సెకన్లలో నోడ్ మాయమై మళ్లీ వస్తుంది. లాగ్‌లో ఈ రాకపోకల సమయాలను డీజీ రిజిస్టర్‌తో పోలిస్తే ఒక్క పూటలో తేలిపోతుంది. ఆ కన్వర్టర్‌ను ప్యానెల్ తాలూకు బ్యాటరీ సరఫరా మీదికి మార్చాలి. నెట్‌వర్క్‌లో ప్రతి ముక్కకూ ప్యానెల్‌తో సమానమైన బ్యాకప్ ఉండాలన్నది ఇక్కడి నియమం.

నెట్‌వర్క్‌ను వలయంగా కలిపితే ఒకచోట తెగినా అటువైపు నుంచి మాట నడుస్తుంది. అందుకే మొదటి తెగుడును ఎవరూ పట్టించుకోరు. రెండోది తెగినప్పుడు మధ్యలో ఉన్న టవర్లన్నీ ఒంటరివవుతాయి. వెళ్లే తీగ, తిరిగివచ్చే తీగ ఒకే షాఫ్ట్‌లో పక్కపక్కనే వేస్తే వలయం పేరుకే మిగులుతుంది. ఆ షాఫ్ట్‌లో మంట రెండింటినీ ఒకేసారి కాలుస్తుంది.

బోర్డు మార్చిన తర్వాత వచ్చే లోపాల్లో నోడ్ నంబరు మరో ప్యానెల్‌తో కలిసిపోవడం, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మిగతావాటితో సరిపోకపోవడం ముఖ్యమైనవి. ఇవి మీటర్‌తో దొరకవు. అన్ని ప్యానెళ్ల వెర్షన్లూ ఒక కాగితం మీద పక్కపక్కన రాస్తే కనిపిస్తాయి.

లోపమేదీ లేకుండా, పసుపు దీపం వెలగకుండా కూడా వ్యవస్థ తప్పుగా పనిచేయవచ్చు. అలారం వస్తే ఏ అంతస్తుల్లో హూటర్లు మోగాలి, లిఫ్టులు ఏ అంతస్తుకు దిగి తలుపులు తెరవాలి, మెట్ల దారిలో గాలి ఒత్తిడి పెంచే ఫ్యాన్లు ఎప్పుడు తిరగాలి, యాక్సెస్ కంట్రోల్ తలుపుల అయస్కాంత తాళాలు ఎప్పుడు విడిపోవాలి అన్నవి ప్యానెల్ ప్రోగ్రాములో రాసి ఉంటాయి. ఒక టవర్ డిటెక్టర్ మరో టవర్ ఫ్యాన్‌ను తిప్పే తప్పు రాతలు పరీక్షిస్తే తప్ప బయటపడవు. ఏడాదికి ఒకసారైనా, ప్రోగ్రాము మార్చిన ప్రతిసారీ, నిజంగా పొగ స్ప్రే కొట్టి, ఏ ఫలితం రావాలో ముందే రాసుకున్న పట్టికతో ఒక్కొక్కటిగా సరిచూడాలి. ప్యానెల్ దగ్గర కూర్చుని టెస్ట్ మీట నొక్కితే తెరకు, దీపాలకు మాత్రమే పరీక్ష జరుగుతుంది.

డిజేబుల్ జాబితా కార్యవర్గం స్వయంగా చూడవలసినది. దానికి సాంకేతిక జ్ఞానం అక్కరలేదు. సెక్యూరిటీ గదికి వెళ్లి, ఇప్పుడు ఆపేసి ఉన్న పాయింట్లెన్ని అని అడిగి తెర మీద చూపించమనాలి. పెయింటింగ్ కోసం ఆరు నెలల కింద ఆపిన డిటెక్టర్ ఇంకా అక్కడే ఉండవచ్చు. ఎవరు ఆపారు, ఎందుకు, ఏ తేదీన తిరిగి తెరుస్తారు అన్నవి రాయకుండా ఏ పాయింటునూ ఆపనివ్వకూడదు. ఆపినంతసేపు ఆ అంతస్తులో మనిషి తిరుగుతూ ఉండాలి.

ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) సంస్థ నుంచి కోరవలసినది సంతకం పెట్టిన సర్వీసు రిపోర్టు ఒక్కటే కాదు. ప్రతి సందర్శనకూ ముందూ వెనకా తీసిన ఈవెంట్ లాగ్ కాపీ, భారం కింద కొలిచిన బ్యాటరీ వోల్టేజి, ప్లస్–ఎర్త్, మైనస్–ఎర్త్ అంకెలు, మురికి పట్టిన డిటెక్టర్ల నివేదిక, డిజేబుల్ జాబితా జతచేయమనాలి. బాగుచేసిన లోపం ఎదుట కారణం రాయాలి. ‘రీసెట్ చేశాం, సరిపోయింది’ అన్నది కారణం కాదు. అది రెండోసారి కనిపిస్తే బిల్లు ఆపి వివరణ అడిగే హక్కు సంఘానికి ఒప్పందంలోనే ఉండాలి.

ప్యానెల్ ప్రోగ్రాము ఫైలు, దాని పాస్‌వర్డు, లూప్ డ్రాయింగులు చాలా సముదాయాల్లో అమర్చిన సంస్థ టెక్నీషియన్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. అతను ఉద్యోగం మారినా, ఏఎంసీ మరో సంస్థకు వెళ్లినా కొత్తవారు గుడ్డిగా పనిచేయాలి, లేదా వ్యవస్థ మొత్తాన్ని మళ్లీ ప్రోగ్రాము చేయాలి. బిల్డర్ నుంచి భవనాన్ని అప్పగించుకునే రోజునే ఈ మూడింటినీ లిఖితపూర్వకంగా తీసుకోవాలి. ఇప్పటికే అప్పగించుకున్నవారు తదుపరి ఏఎంసీ చెల్లింపుకు ముందు అడగాలి. ఫైలును రెండు చోట్ల భద్రపరచి, ప్రోగ్రాము మార్చిన ప్రతిసారీ కొత్త ప్రతిని తేదీతో పాటు జతచేయాలి.

ఇట్లు,
అగ్నిభద్రతా వ్యవస్థల నిర్వహణలో పనిచేసే బాచుపల్లి నివాసి